ఎగిరే బంతి, చచ్చు బంతి: ప్రయోగాల కోసం అమ్మే నల్ల బంతుల జతపై సమీక్ష

భౌతికశాస్త్ర ప్రయోగ సామగ్రి అమ్మేవాళ్ల దగ్గర హ్యాపీ బాల్, శాడ్ బాల్ అనే పేర్లతో రెండు నల్ల రబ్బరు బంతుల జత దొరుకుతుంది. రెండూ దాదాపు 2.5 సెంటీమీటర్ల వ్యాసం, ఒకే రంగు, ఒకే నునుపు. పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. ఒకే ఎత్తు నుంచి గచ్చు మీదికి వదిలితే మాత్రం హ్యాపీ బాల్, అంటే ఎగిరే బంతి, చెంగున లేస్తుంది, శాడ్ బాల్, అంటే చచ్చు బంతి, ధబ్బున పడి అక్కడే ఉండిపోతుంది. కింద పడ్డ బంతి ఎందుకు లేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే సూటైన వస్తువు లేదన్నది మా గట్టి అభిప్రాయం. కానీ జత కొని, చెరోసారి వదిలి చూసి, 'భలే ఉందే' అనుకుని పెట్టెలో పడేస్తే దానిలో పదో వంతు కూడా వాడుకున్నట్టు కాదు. ఈ సమీక్షలో జత బాగోగులతో పాటు, దాన్ని ఎలా వాడితే విషయం బయటపడుతుందో కూడా చెబుతాం.

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. బంతి ఎందుకు లేస్తుందని అడిగితే చాలామంది టక్కున చెప్పే జవాబు న్యూటన్ మూడో నియమం: బంతి నేలను నెట్టింది, నేల బంతిని నెట్టింది, అందుకే లేచింది. ఈ జత ఆ జవాబు సరిపోదని అరనిమిషంలో తేల్చేస్తుంది. మూడో నియమం రెండు బంతులకూ ఒకేలా వర్తిస్తుంది. చచ్చు బంతినీ నేల అంతే నిక్కచ్చిగా తిరిగి నెడుతుంది. అయినా అది లేవదు. కాబట్టి తేడా నేల దగ్గర లేదు, బంతి లోపల ఉంది.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. 1 మీటరు ఎత్తు నుంచి వదిలిన బంతి 0.45 సెకనులో నేల చేరుతుంది, అప్పటికి దాని వేగం సెకనుకు 4.4 మీటర్లు. ఈ పరిమాణంలో రబ్బరు బంతి సుమారు 10 గ్రాములుంటుంది. అది నేలకు అంటుకుని ఉండేది ఒకటి రెండు మిల్లీసెకన్లే. 2 మిల్లీసెకన్లు అనుకుని లెక్క వేస్తే బంతి 3 మిల్లీమీటర్ల దాకా నొక్కుకుపోతుంది. బాగా ఎగిరే బంతి అయితే ఆ కాసేపట్లో నేల దానిపై చూపే సగటు బలం 40 న్యూటన్లు. బంతి బరువు 0.1 న్యూటన్ మాత్రమే. అంటే తన బరువుకు నాలుగు వందల రెట్ల బలంతో తోస్తేగాని బంతి ఆగి, దిశ మార్చుకుని, పైకి రాదు.

ఇదంతా కంటికి కనిపించదు గాని, దాని గుర్తును మాత్రం పట్టుకోవచ్చు. చదునైన రాతి మీద తెల్ల కాగితం పరిచి, దానిపై కార్బన్ కాగితం సిరా వైపు కిందకి ఉండేట్టు పెట్టి, 1 మీటరు నుంచి బంతి వదలండి. కార్బన్ కాగితం ఎత్తి చూస్తే కింద సెంటీమీటరు అటూ ఇటూగా వెడల్పున్న గుండ్రటి మచ్చ ఉంటుంది. గుండ్రటి బంతి నేలను ఒక చుక్క దగ్గరే తాకాలి కదా, ఇంత మచ్చ ఎక్కడిది? బంతి అడుగు అంతమేర చదునైందన్నమాట. ఇప్పుడు చచ్చు బంతితో అదే చేయండి. అది కూడా మచ్చ వేస్తుంది. నొక్కుకుపోవడంలో దానికేమీ లోటు లేదు. చేత్తో గట్టిగా అదిమి వదిలినా రెండూ మళ్లీ గుండ్రంగానే వస్తాయి.

మరి తేడా ఎక్కడ? తిరిగి రావడానికి పట్టే సమయంలో. అసలు కీలకమంతా ఇదే. చచ్చు బంతికి స్థితిస్థాపకత లేదని చెప్పడం తప్పు. అది తన ఆకారానికి తిరిగొస్తుంది, కాకపోతే ఆలస్యంగా వస్తుంది. నేలను తన్ని పైకి లేవడానికి దొరికే గడువు ఒక్క మిల్లీసెకను. ఎగిరే బంతి ఆ గడువులోపే విప్పారి నేలను తోస్తుంది. చచ్చు బంతి విప్పారేలోపు అందులో దాగాల్సిన శక్తి చాలావరకు లోపలి రాపిడికి ఖర్చయిపోతుంది.

ఈ తేడా రబ్బరు జాతి వల్ల వచ్చింది. సాధారణంగా ఎగిరే బంతిని నియోప్రీన్‌తో, చచ్చు బంతిని పాలీనార్‌బోర్నీన్‌తో చేస్తారు. ఏ రబ్బరైనా పొడవాటి అణువుల గొలుసుల చిక్కుముడే. ముడి నొక్కినప్పుడు గొలుసులు సాగి ఒక వరుసకు వస్తాయి. అణువుల ఉష్ణ చలనం వాటిని మళ్లీ చిందరవందరగా లాగుతుంది, ఆ లాగుడే రబ్బరు బలం. గొలుసులు ఎంత చురుగ్గా కదలగలవన్నది ఆ పదార్థం గాజులా బిగుసుకుపోయే ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. నియోప్రీన్‌కు అది సుమారు మైనస్ 40 డిగ్రీల సెల్సియస్. గది వేడిలో దాని గొలుసులకు ఎదురు లేదు. పాలీనార్‌బోర్నీన్‌కు అది సుమారు 35 డిగ్రీలు. దానిలో నూనెలాంటి మెత్తబరిచే పదార్థాలు కలిపి ఆ హద్దును కిందికి దించి, రబ్బరులా మెత్తగా ఉండేట్టు చేస్తారు. అయినా గది వేడి ఆ హద్దుకు దగ్గరగానే ఉంటుంది. అక్కడ గొలుసులు కదులుతాయి గాని ఒకదానిపై ఒకటి రాసుకుంటూ, బద్ధకంగా కదులుతాయి. శక్తిని మింగేయడానికి అంతకంటే అనువైన స్థితి లేదు. కంపనాలు, దెబ్బలు అణచడానికి ఇదే పదార్థాన్ని వాడేది కూడా అందుకే.

ఇది నిజమో కాదో వేడినీళ్లు తేల్చేస్తాయి. ఈ జతతో చేయగల ప్రయోగాలన్నిట్లో మాకు ఎక్కువ నచ్చింది ఇదే. 70–80 డిగ్రీల నీళ్లలో చచ్చు బంతిని 8 నుంచి 10 నిమిషాలు ఉంచండి. రెండు నిమిషాలకే తీసేస్తే పని జరగదు. రబ్బరులోకి వేడి మెల్లగా ఎక్కుతుంది, ఈ పరిమాణంలో బంతి నడిబొడ్డు దాకా వేడెక్కాలంటే అంత సమయం పడుతుంది. పట్టుకారుతో తీసి, గుడ్డతో తుడిచి, వెంటనే వదలాలి. తడి ఉంటే బంతి జారి పక్కకు పోతుంది. ఇంతసేపూ మట్టిముద్దలా పడ్డ బంతి ఇప్పుడు చక్కగా లేస్తుంది. వదులుతూ పోతే చల్లారే కొద్దీ ఎత్తు తగ్గుతూ వచ్చి మళ్లీ మొదటికే చేరుతుంది. తిరగేసి చేయాలంటే ఎగిరే బంతిని ఫ్రీజర్‌లో గంటసేపు ఉంచి తీసి వదలండి, దాని ఎత్తు తగ్గుతుంది. ఫ్రీజర్ నుంచి తీశాక చేతిలో పట్టుకుని మాట్లాడుతూ నిలబడకూడదు, పైపొర చప్పున వేడెక్కుతుంది. స్క్వాష్ ఆటగాళ్లు ఆటకు ముందు బంతిని గోడకేసి కొట్టి కొట్టి వేడి చేసుకునేదీ ఇందుకే. అక్కడ రబ్బరు చురుకుదనంతో పాటు లోపలి గాలి పీడనం కూడా పెరుగుతుంది.

అన్నట్టు, పోయిన శక్తి వేడిగా మారిందంటే బంతిని పట్టుకుని చూస్తే తెలుస్తుందని ఆశపడొద్దు. 10 గ్రాముల బంతికి 1 మీటరు ఎత్తులో ఉండే శక్తి 0.1 జౌలు. అది మొత్తం వేడిగా మారినా బంతి ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో 200వ వంతు పెరుగుతుందంతే.

ఇక కొలతలు. బంతి ఎంత బాగా ఎగురుతుందో చెప్పే అంకెను ప్రత్యావస్థాన గుణకం అంటారు. తాకాక ఉన్న వేగాన్ని తాకకముందు వేగంతో భాగిస్తే వచ్చేది అదే. స్కేలుతో కొలిచేటప్పుడు లేచిన ఎత్తును వదిలిన ఎత్తుతో భాగించి, వర్గమూలం తీయాలి. వర్గమూలం మరిచిపోవడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. 1 మీటరు నుంచి వదిలిన బంతి 64 సెంటీమీటర్లు లేస్తే గుణకం 0.8, మిగిలిన శక్తి 64 శాతం. ఈ రెండు అంకెలూ వేరు. ఎత్తులు రెండుసార్లూ బంతి అడుగు నుంచే చదవాలి. వదిలేటప్పుడు పైభాగం, లేచాక అడుగు చదివితే బంతి వ్యాసం మొత్తం లెక్కలో తేడాగా చేరుతుంది. కన్ను బంతి ఎత్తులోనే ఉండాలి, పైనుంచి కిందికి చూసి చదివితే అంకె మారిపోతుంది. బంతిని రెండు వేళ్ల మధ్య పట్టి వేళ్లు ఒక్కసారిగా విడదీయాలి. ఒక వేలు వెనక వదిలితే బంతి తిరుగుతూ పడి, పక్కకు ఎగురుతుంది.

ఇన్ని తిప్పలు లేని దారి ఒకటుంది: చప్పుడు. ఫోన్‌లో ఆడియో రికార్డర్ పెట్టి బంతి పక్కన నేలమీద ఉంచండి. ప్రతి తాకిడీ గ్రాఫ్‌లో నిటారు గీతలా పడుతుంది. మొదటి, రెండో తాకిళ్ల మధ్య సమయం, రెండో, మూడో తాకిళ్ల మధ్య సమయం చదవండి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే గుణకం వచ్చేస్తుంది. ఎత్తు కొలవక్కర్లేదు, వర్గమూలం అక్కర్లేదు. ఎత్తు కూడా కావాలంటే సమయాన్ని వర్గం చేసి 9.81తో గుణించి 8తో భాగించాలి. ఉదాహరణకు 1 మీటరు నుంచి వదిలాక ఆ సమయాలు 0.72, 0.58 సెకన్లు వచ్చాయనుకుందాం. మొదటిసారి లేచిన ఎత్తు 63.6 సెంటీమీటర్లు, రెండోసారి 41. మొదటి తాకిడికి గుణకం 0.80, రెండోదానికి 0.81. రెండోది కాస్త ఎక్కువ రావడం కొలతలో లోపమేనని కొట్టిపారేయకండి. వేగంగా తాకిన బంతి ఎక్కువ నొక్కుకుపోయి, ఎక్కువ వాటా శక్తి పోగొట్టుకుంటుంది, వేగం తగ్గేకొద్దీ గుణకం కొద్దిగా పెరగడం చాలా బంతుల్లో కనిపించేదే. చచ్చు బంతికి ఈ పద్ధతి పనికిరాదు. అది లేచేది కొద్ది సెంటీమీటర్లే, చప్పుళ్లు ఒకదానిపై ఒకటి పడతాయి. దానికి ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టి, వెనక స్కేలు నిలబెట్టి చూడటమే మేలు.

నేలను బట్టి కూడా అంకె మారుతుంది. మందపాటి రాతి పలక మీద వచ్చిన గుణకం పల్చటి చెక్క బల్ల మీద రాదు. బల్ల ఊగి కొంత శక్తి తీసుకుంటుంది. అందుకే ఏ రెండు బంతుల్ని పోల్చినా ఒకే పలక మీద, ఒకే చోట వదలాలి. క్రీడా సంస్థలు ఈ జాగ్రత్తనే నిబంధనల్లో రాసుకున్నాయి. టేబుల్ టెన్నిస్ బంతిని 30.5 సెంటీమీటర్ల నుంచి ఉక్కు దిమ్మె మీదికి వదిలితే 24 నుంచి 26 సెంటీమీటర్లు లేవాలి, అంటే గుణకం 0.9 చుట్టుపక్కల. మామూలు టెన్నిస్ బంతి 254 సెంటీమీటర్ల నుంచి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్లు లేవాలి, గుణకం 0.73–0.76. జతతో పాటు ఈ రెండు బంతుల్నీ పక్కన పెట్టుకుంటే మీ పద్ధతి సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవచ్చు. టేబుల్ టెన్నిస్ బంతిని మాత్రం ఎక్కువ ఎత్తు నుంచి వదలొద్దు. 2.7 గ్రాముల బంతికి గాలి అడ్డు గట్టిగా తగులుతుంది. 2 మీటర్ల నుంచి పడితే లెక్క ప్రకారం రావాల్సిన సెకనుకు 6.3 మీటర్ల వేగం బదులు 5.5 దగ్గరే ఆగుతుంది. గాలి చేసిన పనిని బంతి నెత్తిన రుద్దినట్టవుతుంది.

మెత్తగా ఉన్నదే బాగా ఎగురుతుందన్న నమ్మకాన్ని న్యూటన్ ఎప్పుడో వదిలించాడు. 1687లో వచ్చిన అతని పుస్తకం ప్రిన్సిపియాలోనే లోలకాలుగా వేలాడదీసిన బంతుల్ని ఢీకొట్టించిన కొలతలు ఉన్నాయి. బిగుతుగా చుట్టిన ఉన్ని బంతులు తమ వేగంలో 9కి 5 వంతులు తిరిగిచ్చాయి, గాజు బంతులు 16కి 15 వంతులు. గాజు నొక్కుకుపోయేది కొంచెమే, కానీ ఆ కొంచెంలో దాచుకున్నదంతా దాదాపుగా తిరిగిచ్చేస్తుంది.

ఎగిరే బంతిని లోకంలోకెల్లా గొప్ప ఎగురుడు బంతి అనుకోవడం కూడా సరికాదు. ఆ పేరు 1960లలో రసాయన శాస్త్రవేత్త నార్మన్ స్టింగ్లీ పాలీబ్యూటడీన్‌తో తయారుచేయగా వామ్-ఓ కంపెనీ అమ్మిన సూపర్‌బాల్‌కే దక్కాలి. అది గుణకం 0.9 దాకా వెళ్తుంది. అంత ఎగురుడు కావాలంటే ఈ జత కొనకండి, సూపర్‌బాల్ కొనండి. జత విలువ దాని ఎగిరే బంతిలో లేదు, చచ్చు బంతిలో ఉంది.

ఆ విలువ బాగా కనిపించేది లోలకం ప్రయోగంలో. జతలో కొన్ని రకాలకు కన్నం వేసి దారం లేదా కొక్కెం బిగించి ఉంటాయి. కొనేవాళ్లు ఇవే తీసుకోవడం మంచిది. 40–50 సెంటీమీటర్ల దారానికి బంతిని వేలాడదీసి, అది కిందికి వచ్చే చోట నిలువుగా ఒక చెక్క దిమ్మె పెట్టండి. బంతి దిమ్మె పైభాగాన తగలాలి. చూసేవాళ్లను ముందు అడగండి: దిమ్మెను ఏది పడగొడుతుంది? ఎక్కువమంది చచ్చు బంతి అంటారు, శక్తంతా దిమ్మెకే ఇచ్చేస్తుందని వాళ్ల లెక్క. పడగొట్టేది ఎగిరే బంతి. దిమ్మెకు అందే తోపు బంతి ద్రవ్యవేగంలో (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) వచ్చిన మార్పును బట్టి ఉంటుంది. చచ్చు బంతి ఆగిపోతుంది, మార్పు మొదట ఉన్న ద్రవ్యవేగానికి ఒక వంతు చిల్లర. ఎగిరేది ఆగడమే కాక వెనక్కి వస్తుంది, గుణకం 0.8 అయితే మార్పు 1.8 వంతులు. ప్రయోగం చెడిపోయేది దిమ్మె కొలత దగ్గర. మరీ తేలికైతే రెండూ పడగొడతాయి, మరీ బరువైతే ఏదీ కదపదు. ఎగిరే బంతిని తక్కువ ఎత్తు నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ, దిమ్మె సరిగ్గా పడిపోయే చోట గుర్తు పెట్టుకోండి. తర్వాత చచ్చు బంతిని అదే గుర్తు నుంచి వదలండి. ముందుగా రెండింటినీ తూకం వేయడం మరవొద్దు. రెండు పదార్థాల సాంద్రత ఒకటి కాదు కాబట్టి బరువులో కొద్ది తేడా రావచ్చు. బంతి లేచే ఎత్తుకు అది లెక్కలోకి రాదు గాని ఇక్కడ వస్తుంది.

దొర్లించి కూడా చూడండి. 1 మీటరు పొడవున్న నున్నటి పలకను ఒక చివర 5 సెంటీమీటర్లు ఎత్తి, రెండింటినీ ఒకేసారి వదిలితే చచ్చు బంతి వెనకబడుతుంది. బరువు, పరిమాణం ఎంతైనా లోపల డొల్ల లేని గోళాలన్నీ ఒకే త్వరణంతో దొర్లాలి కదా, మరి ఇదేమిటంటే, దొర్లే బంతి అడుగు ప్రతి క్షణం నొక్కుకుంటూ విప్పారుతూ ఉంటుంది. అలా నొక్కుకున్న ప్రతిసారీ చచ్చు బంతి కొంత శక్తి పోగొట్టుకుంటుంది. వాలు ఎక్కువ పెడితే ఈ తేడా కనపడకుండా పోతుంది.

లోపాల సంగతికొస్తే, మొదటిది గుర్తులు లేకపోవడం. రెండూ ఒకేలా ఉండటమే ఈ వస్తువు గొప్పదనం కాబట్టి తయారీదారులు గుర్తు వేయరు, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ నాలుగైదు జతలు కలిసిపోతే ఒక్కొక్కటీ వదిలి చూసి ఏరుకోవాలి. రెండోది అచ్చు అంచు. చవక రకాల్లో రెండు అర్ధగోళాలు కలిసిన చోట సన్నటి గట్టు మిగులుతుంది. బంతి ఆ గట్టు మీద పడితే అడ్డదిడ్డంగా ఎగురుతుంది. పలక మీద దొర్లించినప్పుడు వంకరగా పోతే ఆ జత తిప్పి పంపడమే మంచిది. సన్నటి ఉప్పుకాగితంతో అరగదీసి సర్దుకోవచ్చు గాని ఎక్కువ రుద్దితే గుండ్రతనం పోతుంది. మూడోది, కొత్త బంతుల మీద పొడి ఉంటే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే జారుతాయి. నాలుగోది, గది వేడి. బాగా వేడిగా ఉన్న గదిలో చచ్చు బంతి అంత చచ్చుగా ఉండదు. తేడా పూర్తిగా కనిపించాలంటే 20–25 డిగ్రీల దగ్గర చేయాలి, పైగా బంతిని పిడికిట్లో బిగించి పెట్టుకోకూడదు.

బడికి కొనేవాళ్లు కొక్కెం ఉన్న జత ఒకటి, లేని జత ఒకటి తీసుకోవాలి. ఇంటికైతే కొక్కెం లేనిది, ఒక థర్మామీటరు చాలు. 2.5 సెంటీమీటర్ల బంతి చిన్నపిల్లల గొంతులో అడ్డుపడే పరిమాణం, మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో అందకుండా దాచాలి. ఎండ తగిలే కిటికీ దగ్గర, మోటారు పరికరాల పక్కన పెడితే ఎండకూ ఓజోన్‌కూ రబ్బరు పగుళ్లిస్తుంది. రెండు వేర్వేరు మూత డబ్బాల్లో పెట్టి, పేరు బంతి మీద కాకుండా డబ్బా మీద రాయండి.